లిఫ్ట్ ఎందుకు దిగిపోతోంది?



తొలకరి పడిందంటే మన ఆమదాలవలస చుట్టుపక్కల ట్రాక్టరుకు తీరుబడి ఉండదు. నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట నుంచి కాలువల్లోకి నీరు వదిలితే దమ్ములు మొదలవుతాయి. ఉభాలు పూర్తయ్యేదాకా ఒక మడి దిగడం, ఇంకో మడి ఎక్కడం, ఇదే పని. మన మడులు చిన్నవి, గట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పెద్ద ట్రాక్టరు తిరగలేని మూలల్లో తిరుగుతాయి కాబట్టే 20, 25 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు మనకు కలిసొచ్చాయి. వాటి లిఫ్ట్‌కు పని ఎక్కువ పడడానికీ కారణం అదే. ప్రతి మూలా లేపాలి, ప్రతి గట్టు దగ్గరా లేపాలి.

ఆ లిఫ్ట్ సరిగ్గా దమ్ముల రోజుల్లో మొరాయిస్తే ఎంత నష్టమో మీకు చెప్పక్కర్లేదు. రోటావేటర్ లేవకపోతే గట్టు తెగుతుంది. లేచినది నిలబడకపోతే దారి పొడవునా బ్లేళ్లు రాళ్లకు తగులుతాయి. కూలికొచ్చినవాళ్లు గట్టున కూర్చుంటారు, నారుమడిలో నారు ముదిరిపోతుంది. అందుకని ఈ పూట లిఫ్ట్‌లో ఆయిల్ ఎక్కడెక్కడ కారుతుంది, ఆ చోటు ఎలా పట్టుకోవాలి అన్నది మాట్లాడుకుందాం.

చెప్పదలచుకున్న అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఎక్కడ కారుతోందో తేలేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకండి, ఎవరినీ విప్పనివ్వకండి. లిఫ్ట్‌లో పాడయ్యే వస్తువు చాలాసార్లు చవకది. ఒక రబ్బరు రింగు, ఒక రాగి వాషరు, ఒక ఆయిల్ సీల్. అది ఏదో తెలియక అన్నీ విప్పించడానికీ, అక్కర్లేని పంపు మార్పించడానికీ అయ్యేదే అసలు ఖర్చు.

ముందు లిఫ్ట్ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చూద్దాం. ట్రాక్టరు వెనక గేరుపెట్టెలో ఉన్న ఆయిలే చాలా మినీ ట్రాక్టర్లలో లిఫ్ట్‌కు కూడా ఆయిల్. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఒక పంపు ఆ ఆయిల్‌ని జాలీ గుండా పీల్చి, పైపు ద్వారా సీటు కింద ఉండే కంట్రోల్ వాల్వుకు పంపుతుంది. మీరు లివరు పైకి జరిపితే వాల్వు ఆ ఆయిల్‌కి సిలిండరులోకి దారి ఇస్తుంది. సిలిండరులోని పిస్టన్ ముందుకు జరిగి అడ్డంగా ఉన్న లిఫ్ట్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. షాఫ్ట్ రెండు కొనలకూ ఉన్న చేతులు పైకి లేస్తాయి. లివరు మధ్యలో ఆగితే వాల్వు దారి మూసేస్తుంది, ఆయిల్ సిలిండరులో బందీ అవుతుంది. పనిముట్టు గాలిలో నిలబడేది ఆ బందీ అయిన ఆయిల్ మీదే. ఒత్తిడి హద్దు మీరితే వదిలేయడానికి రిలీఫ్ వాల్వు ఒకటి ఉంటుంది. దించేటప్పుడు మాత్రం పంపుతో పని లేదు. పనిముట్టు బరువే ఆయిల్‌ని వెనక్కి నెట్టేస్తుంది.

ఈ మూడు పాయింట్ల లిఫ్ట్‌కు రూపం ఇచ్చినవాడు ఉత్తర ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్. వెనక గొలుసుతో నాగలి కట్టి లాగే రోజుల్లో, నాగలి దేనికైనా తట్టుకుంటే ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడేది. నడిపేవాడి ప్రాణం పోయేది. నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల బిగించి, హైడ్రాలిక్ ఒత్తిడితో లేపి దించే పద్ధతికి ఆయన 1926లో పేటెంటు పొందాడు. 1936లో ఫెర్గూసన్ బ్రౌన్ ట్రాక్టరు, 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి చేసిన 9ఎన్ ట్రాక్టరు ఆ పద్ధతిని లోకమంతా పాకించాయి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ తయారుచేసిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల పేరులో ఉన్న ఫెర్గూసన్ ఈయనే.

అయితే ఒత్తిడిలో ఉన్న ద్రవాన్ని కారకుండా ఆపడమన్న చిక్కు అంతకన్నా పాతది. 1795లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. పిస్టన్ పక్కనుంచి నీరు కారిపోవడం ఆయనకు పెద్ద తలనొప్పి అయింది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలుతో గిన్నె ఆకారంలో ఒక వాషరు అమర్చాడని చెబుతారు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ గిన్నె అంచు విచ్చుకుని గోడకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మన వీధి బోరింగులో ఉండే వాషరు కూడా ఆ కోవదే. 1939లో నీల్స్ క్రిస్టెన్‌సెన్ అనే డెన్మార్క్ సంతతి అమెరికన్‌కు గుండ్రటి రబ్బరు రింగు మీద పేటెంటు వచ్చింది. మనం ఓ రింగు అనేది దాన్నే. గాడిలో కాస్త వదులుగా కూర్చుని, ఒత్తిడి రాగానే ఒక పక్కకు జరిగి సందు మూసేస్తుంది. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఓ రింగు పనిచేయాలంటే గాడి శుభ్రంగా ఉండాలి, రింగు మెత్తగా ఉండాలి, కదలగలగాలి. గట్టిపడిన రింగుకు గమ్ము పూసి కూర్చోబెడితే ఆగేది నాలుగు రోజులే.

ఇక తనిఖీకి దిగేముందు ప్రాణానికి సంబంధించిన మూడు జాగ్రత్తలు వినండి.

మొదటిది, లేచి ఉన్న పనిముట్టు కింద తల గానీ, చెయ్యి గానీ పెట్టకండి. ఇందాక చెప్పాను, అది నిలబడేది బందీ అయిన ఆయిల్ మీద. కిందికి వెళ్లక తప్పదంటే గట్టి దుంగలు పెట్టి వాటి మీద ఆనించాకే వెళ్లండి. రెండోది, పైపు విప్పేముందు పనిముట్టు నేలకు దించి, ఇంజన్ ఆపి, లివరు రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించండి. పైపుల్లో మిగిలిన ఒత్తిడి పోతుంది. మూడోది అందరూ తేలిగ్గా తీసుకునేది. పైపు మీద సన్నగా చిమ్ముతోందని అనుమానం వస్తే వేలు పెట్టి తడమకండి. ట్రాక్టరు వెనక టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు కిలో చుట్టుపక్కల ఉంటుంది. లిఫ్ట్ పైపులో ఆయిల్ 150 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. సూదిమొనంత రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. బయటికి చిన్న చుక్క గాటే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోవడం మొదలవుతుంది. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే పసుపు రాసి ఊరుకోకండి. వెంటనే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడిలో ఉన్న ఆయిల్ లోపలికి దూరిందని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. పైపు చూడాలంటే దూరం నుంచి ఒక అట్టముక్క అడ్డుపెట్టండి. అట్ట మీద తడి గీత పడితే రంధ్రం అక్కడే ఉంది.

ఇప్పుడు తనిఖీ. లిఫ్ట్ ఆయిల్ కారడం రెండు రకాలు. ఒకటి బయటికి కారడం. అది నేల మీద, కవరు మీద కనిపిస్తుంది. రెండోది లోలోపల కారడం. ఒక్క బొట్టు కూడా నేల మీద పడదు, కానీ లిఫ్ట్ దిగిపోతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం తికమక.

బయటి కారుడుతో మొదలుపెడదాం. ఒక బొట్టే కదా అనుకుంటాం. ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుని లెక్క వేయండి. సెకనుకు ఒక బొట్టు చొప్పున గంటకు 180 మిల్లీలీటర్లు. ఎనిమిది గంటల దమ్ములో దాదాపు లీటరున్నర. ఆ ఆయిల్ పోయేది మీ మడిలోకే.

ట్రాక్టరుని చదునైన చోట నిలిపి, పనిముట్టు దించి, డిప్‌స్టిక్‌తో లెవెల్ చూడండి. తర్వాత వెనక భాగమంతా డీజిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. బురదా జిడ్డూ పేరుకున్న ట్రాక్టరు మీద ఎంతటి మెకానిక్కైనా కారే చోటు చెప్పలేడు. ఆరాక లిఫ్ట్ కవరు అంచుల వెంబడి, షాఫ్ట్ రెండు కొనల దగ్గర, పైపు కీళ్ల దగ్గర ముగ్గు పిండి పలచగా చల్లండి. పీటీఓ తీసేసి, పిల్లల్ని దూరంగా పంపి, ఇంజన్ వేసి, లిఫ్ట్‌ని పదిసార్లు లేపి దించండి. ఇంజన్ ఆపి, టార్చిలైటు తెచ్చి దగ్గరగా చూడండి.

తెల్లటి ముగ్గు మీద ఆయిల్ తడి ముదురు గీతగా కనిపిస్తుంది. ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటుంది. ఆయిల్ కిందికి జారుతుంది, అంచుల వెంట పక్కకు పాకుతుంది. బొట్టు పడే చోటు కారే చోటు కాదు. తడి గీతను పట్టుకుని పైకి, పైపైకి వెళ్లండి. అన్నిటికన్నా పైనున్న తడి ఎక్కడుందో అక్కడే దోషం. కింద గేరుపెట్టె బోల్టు దగ్గర బొట్లు పడుతుంటే ఆ బోల్టుని బిగించీ బిగించీ మరలు అరగదీస్తారు. తీరా చూస్తే పైన వాల్వు పైపు కీలు దగ్గరి రాగి వాషరు నలిగిపోయి ఉంటుంది.

ఎప్పుడు కారుతోందన్నది కూడా గమనించండి. ఇంజన్ తిరుగుతూ లిఫ్ట్ లేపేటప్పుడే కారితే, అది పంపు నుంచి వాల్వుకు వెళ్లే ఒత్తిడి పైపు, దాని కీళ్లు, వాల్వు కింది ఓ రింగులు. ఇంజన్ ఆపి, పనిముట్టు లేచి ఉన్నప్పుడు కూడా కారుతుంటే, సిలిండరు వైపున్న కీలు. పనిముట్టు నేల మీద ఉండి, ఇంజన్ ఆగి, రాత్రంతా ఊరికే నిలిపినా కారుతుంటే, ఒత్తిడితో సంబంధం లేని చోటు. ఆయిల్ మట్టానికి కింద ఉన్న ప్యాకింగు, సీలు, డ్రెయిన్ బోల్టు చూడండి. రాత్రి ట్రాక్టరు కింద పాత అట్టపెట్టె విప్పి పరిస్తే పొద్దున్నకల్లా మరకే చోటు చూపిస్తుంది. మరక రంగు కూడా చూడండి. నల్లగా ఉంటే చాలావరకు ఇంజన్ ఆయిల్, తేనె రంగులో ఉంటే గేరుపెట్టె ఆయిల్. క్లచ్ హౌసింగు అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచి కారుతుంటే ఈ రంగుని బట్టే ముందు సీలు పోయిందా, వెనక సీలు పోయిందా అని తేల్చుకోవచ్చు.

లిఫ్ట్ షాఫ్ట్ కొనల దగ్గర కారడం చాలామందికి అనుభవమే. సీలు మారుస్తారు, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. సీలు నాసిరకం అని కొట్టువాడిని తిడతారు. అప్పుడు రెండు సంగతులు చూడాలి. గేరుపెట్టె మీద గాలి ఆడడానికి బ్రీదర్ అని చిన్న మూతలాంటిది ఉంటుంది. దమ్ము బురద దానిలో ఎండిపోతే గాలికి దారి మూసుకుపోతుంది. పనిలో ఆయిల్ వేడెక్కి లోపల గాలి వ్యాకోచిస్తే, బయటికి పోవడానికి దారి లేక సీలుని నెట్టుకుని వస్తుంది. బ్రీదర్ విప్పి డీజిల్లో కడిగి, నోటితో కాకుండా గాలి పంపుతో ఊదితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కారడం ఆగిపోవచ్చు. రెండోది, చెయ్యి పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. షాఫ్ట్ కొన లొటలొటలాడితే లోపలి బుష్ అరిగింది. బుష్ మార్చకుండా సీలు ఎన్నిసార్లు వేసినా దండగ. లెవెల్ గీత దాటి ఆయిల్ పోసినా ఇక్కడే కారుతుంది. ఎక్కువ పోస్తే మంచిదన్న ఆలోచన మానుకోండి.

నేల మీద బొట్టు లేదు, డిప్‌స్టిక్ మీద మాత్రం ఆయిల్ తగ్గుతోందా? అప్పుడు ఇంజన్ ఆయిల్ లెవెల్ చూడండి. పంపు ఇంజన్ పక్కన బిగించిన మోడళ్లలో పంపు షాఫ్ట్ సీలు పోతే గేరుపెట్టె ఆయిల్ ఇంజన్లోకి చేరుతుంది. అక్కడ తగ్గుతూ ఇక్కడ పెరిగితే ట్రాక్టరు నడపడం ఆపండి. ఇంజన్‌కే ముప్పు. ఇంకో దారి కూడా ఉంది. హైడ్రాలిక్ ట్రాలీకి ఆయిల్ ఇచ్చి, గొట్టం విప్పేస్తే కొంత ఆయిల్ ట్రాలీ సిలిండరులోనే ఉండిపోతుంది. ట్రాలీలో ఉన్న మురికి ఆయిల్ మన గేరుపెట్టెలోకి వచ్చేది కూడా ఆ గొట్టం వెంటే. నలుగురి ట్రాలీలు మార్చి మార్చి కట్టేవాళ్లు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు లోలోపల కారడం. లిఫ్ట్ దిగిపోతుంది, కానీ ఎక్కడా తడి లేదు. దీనికి కూడా ఇంట్లోనే పరీక్ష ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇలాంటి సంస్థల్లో ట్రాక్టరుకు పరీక్ష పెట్టేటప్పుడు బరువు లేపి, ప్రతి 5 నిమిషాలకూ ఎంత దిగిందో 30 నిమిషాలపాటు మిల్లీమీటర్లలో కొలుస్తారు. అదే పని మీరూ చేయొచ్చు. ఆయిల్ బాగా వేడెక్కాక చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, డ్రాఫ్ట్ లివరు అడ్డుపడకుండా పొజిషన్ లివరుతో పనిముట్టు లేపి, ఇంజన్ ఆపండి. కింది లింకు కొన నుంచి నేలకు టేపుతో కొలవండి. చెయ్యి పనిముట్టు కిందికి వెళ్లకుండా పక్కనుంచే కొలవాలి. 5 నిమిషాలకోసారి కొలిచి రాసుకోండి.

అరగంటకు కాస్త దిగిందంటే కంగారు పడక్కర్లేదు. ఏ వాల్వుకైనా సన్నని సందు ఉంటుంది. రాత్రంతా గాలిలో నిలబడాలని ఏ కంపెనీ చెప్పదు, అలా వదిలేయడం కూడా తప్పే. కానీ ఇంజన్ ఆపగానే కళ్ల ముందే జారిపోతుంటే లోపల కారుతున్నట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు దానికి ఇంకో ఆనవాలు ఉంది. లేపి వదిలేసిన పనిముట్టు కాస్త దిగడం, ఠక్కున లేవడం, మళ్లీ దిగడం. జర్కులు కొడుతోంది అంటాం. లోపల ఆయిల్ జారి చేతులు దిగగానే, పొజిషన్ లింకేజి వాల్వుని తెరిచి మళ్లీ పైకి లేపుతుంది. అది పంపు జబ్బు కాదు. పంపు బాగుంది కాబట్టే తిరిగి లేపగలుగుతోంది.

ఇక్కడే నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పాలి. పాలకొండ రోడ్డు వైపు నుంచి ఒక పెద్దాయన మినీ ట్రాక్టరు తెచ్చారు. "పంపు కొత్తది ఏయించినాను బాబూ, ఐనా దిగిపోతంది, ఏటి సెయ్యాలో తెల్డం నేదు" అన్నారు. వెనక రోటావేటర్ జర్కులు కొడుతోంది. చాలా కాంపాక్ట్ ట్రాక్టర్లలో సీటు కింద ముందువైపు ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. లిఫ్ట్ ఎంత వేగంగా దిగాలో దానితో సర్దుకుంటాం. ఆ నాబ్ పూర్తిగా బిగిస్తే సిలిండరుకీ వాల్వుకీ మధ్య దారే మూసుకుపోతుంది. రోటావేటర్ లేపి, ఆ నాబ్ చివరిదాకా బిగించి, ఇంజన్ ఆపాం. టేపు పెట్టాం. అందరూ చూస్తుండగానే కొలత తగ్గుతూ వచ్చింది. వాల్వుకు దారి మూసినా దిగుతోందంటే ఆయిల్ పోయేది వాల్వు నుంచి కాదు, పిస్టన్ పక్కనుంచి. లిఫ్ట్ కవరు దించి పిస్టన్ బయటికి తీస్తే ఓ రింగు ఒక పక్క నమిలేసినట్టు చిరిగి ఉంది. సిలిండరు గోడ వేలితో తడిమితే నున్నగానే ఉంది, గీత లేదు. రింగు మార్చి, దాని వెనక ఉండాల్సిన గట్టి బ్యాకప్ రింగుని ఒత్తిడికి అవతలి పక్కన కూర్చోబెడితే లిఫ్ట్ నిలబడింది. పెద్దాయన పంపుకు పెట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

ఆ నాబ్ బిగించాక దిగడం ఆగిపోతే? అప్పుడు సిలిండరు జోలికి పోవద్దు, కవరు దించక్కర్లేదు. దోషం వాల్వులో ఉంది. లోపలి చెక్ వాల్వు సీటులో మురికి ఇరుక్కోవచ్చు, స్పూల్ అరగొచ్చు. మురికైతే కడిగితే పోతుంది. స్పూల్ అరిగితే దాన్ని ఎమెరీ కాగితంతో రుద్దే ప్రయత్నం చేయకండి. స్పూల్‌కీ దాని గూడుకీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతు స్థాయిది, రుద్దితే ఇంకా వదులైపోతుంది. మీ మోడల్‌లో నాబ్ పూర్తిగా మూస్తుందో లేదో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. కొన్నిటిలో అది వేగం తగ్గిస్తుందే తప్ప దారి మూయదు. పరీక్ష అయ్యాక నాబ్ మళ్లీ తెరవడం మరిచిపోవద్దు. లేకపోతే పనిముట్టు దిగదు, కొత్త జబ్బు వచ్చిందని హడలిపోతారు.

మూడో తంటా, అసలు లేవకపోవడం. ఇది కారడం వల్ల కావచ్చు, కాకపోవచ్చు. ముందు లెవెల్ చూడండి, తర్వాత జాలీ, ఫిల్టరు కడగండి. అడుగున మెరిసే రజను కనిపిస్తే లోహం అరుగుతోంది, నల్లటి రబ్బరు తునకలు కనిపిస్తే సీళ్లు చస్తున్నాయి. ఆయిల్ నురగ కక్కుతూ పంపు గీపెడుతుంటే పీల్చే పైపు కీలులోంచి గాలి దూరుతోంది. ఆ పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. అందుకే తడి కోసం వెతికితే దొరకదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు బాగా లేచి, మధ్యాహ్నానికి నీరసపడితే, వేడికి పలచబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతోంది. అప్పుడు పంపు మీద అనుమానం పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా ప్రెషర్ గేజి పెట్టి కొలవమని మెకానిక్‌ని అడగండి. గేజి చెప్పకుండా పంపు కొనొద్దు.

బరువు సంగతి కూడా చూసుకోండి. మార్కెట్లో దొరికే మినీ ట్రాక్టర్లలో కొన్నిటి లిఫ్ట్ సామర్థ్యం 750 కిలోల దగ్గర ఉంటుంది. అది కింది లింకుల కొనల దగ్గర లెక్క. పనిముట్టు బరువు వెనక్కి జరిగేకొద్దీ ఆ సామర్థ్యం తగ్గిపోతుంది. పెద్ద ట్రాక్టరు రోటావేటర్ తెచ్చి మినీకి తగిలించి లిఫ్ట్ లేవట్లేదంటే అది లిఫ్ట్ తప్పు కాదు.

మన దమ్ము పనికి ప్రత్యేకంగా ఉన్న శత్రువు నీరు. పనిలో వేడెక్కిన గేరుపెట్టె ఒక్కసారిగా చల్లటి మడి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీళ్ల దగ్గర, బ్రీదర్ దగ్గర నీటిని లోపలికి లాగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరింది. అనుమానంగా ఉంటే పాత గరిటెలో రెండు బొట్లు వేసి, ముఖం దూరంగా పెట్టి వేడి చేయండి. చిటపటలాడితే నీరున్నట్టే. ఆ ఆయిల్‌తో ఇంకో మడి కూడా దున్నకండి. నీరు పంపుని తినేస్తుంది, వాల్వుకు తుప్పు పట్టిస్తుంది. తీసిన ఆయిల్‌ని గెడ్డలోనో కాలువలోనో పారబోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు పుస్తకంలో రాసిన రకమే పోయండి. బ్రేకులు కూడా అదే ఆయిల్లో మునిగి ఉండే ట్రాక్టర్లకు దానికి తగిన ఆయిలే కావాలి. లెవెల్ తగ్గిందని చేతికందిన బ్రేకు ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు ఉబ్బి మెత్తబడిపోతాయి. ప్యాకింగుకు గమ్ము మందంగా పూయనివ్వకండి. లోపలికి పిండుకుపోయిన గమ్ము తునక ఊడి వాల్వు సీటులో ఇరుక్కుంటుంది, బయటి కారుడు ఆపబోయి లోపలి కారుడు తెచ్చుకున్నట్టవుతుంది.

మెకానిక్ అన్నలకు కూడా ఒక మనవి. విప్పిన వాషర్లు, రింగులు తిరిగి వాడకండి. తీసిన పాత సామాను రైతు చేతిలో పెట్టి, ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అరిగిందో చూపించండి. రైతుకు అర్థమైతే మీ పని మీద గౌరవం పెరుగుతుంది, మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. రైతులూ అడగడానికి మొహమాటపడొద్దు. నాబ్ బిగించి పరీక్ష చేశావా, గేజి పెట్టావా, బ్రీదర్ చూశావా అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు లేకుండా స్పానరు పట్టుకుంటే కాస్త ఆగమనండి.

ఇంకా నేర్చుకోవాలన్న కుర్రాళ్లు, ఆడపిల్లలు ఊళ్లో ఉంటే ప్రోత్సహించండి. మన ఆమదాలవలసలోనే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. యంత్రాల శిక్షణ గురించి అక్కడ అడగండి. గార్లదిన్నె సంస్థలో ట్రాక్టర్ల వాడకం, మరమ్మతుల మీద శిక్షణలు ఇస్తారు. ఊరికి ఇద్దరు ఈ పని తెలిసినవాళ్లు ఉంటే దమ్ముల రోజుల్లో ఎంతోమంది పొలాలు ఆగకుండా సాగుతాయి.

తొలకరికి ఇంకా వ్యవధి ఉంది. షాపుల్లో సామాను దొరుకుతుంది, మెకానిక్కులకు తీరిక ఉంది. ఈ వారంలోనే ట్రాక్టరు కడిగి, బ్రీదర్ శుభ్రం చేసి, జాలీ చూసి, అరగంట పరీక్ష పెట్టండి. ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో తేదీ వేసి షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాయండి. ఉభాలు అయ్యాక మళ్లీ కొలిచి దాని పక్కనే రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా పెరుగుతుంటే లిఫ్ట్ ఆగిపోకముందే, పని లేని రోజుల్లోనే బాగుచేయించుకోవచ్చు.